పొరుగక్షరము

(వార్షికోత్సవము నాటి తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో పరీక్షాఫలితములను, హాజరు లెక్కలను చదివి కూర్చుండుట నాకు ఆనవాయితీ. ఈ యేడు ఆ లెక్కలను అచ్చువేయించి మీ చేతికే ఇచ్చితిమి. కావున నాకు మిగిలిన ఈ కొద్ది సమయమును మరియొక విషయమునకు వినియోగించెదను. మన కంప్యూటరు గదిలో తొమ్మిదవ తరగతి పిల్లలు ఒక వెబ్ పుటను తయారుచేసినారు. దానిని గూర్చి మీకు విన్నవించెదను. చిన్న పుటను గూర్చి ఇంత చెప్పవలయునా యని కొందరికి తోచవచ్చును. కారణము వినుడు.

గడచిన జూన్ మాసములో ఒక తండ్రి నా గదికి వచ్చెను. పట్టుమగ్గము ఆయన జీవనాధారము. కుమార్తె మన పాఠశాలలోనే చదువుచున్నది. "సార్, తెలుగులో చదివితే కంప్యూటరు ఎట్ల వస్తుంది? అది ఇంగ్లీషు వాళ్లది కదా. పాపని ఇంగ్లీషు మీడియంలో వేస్తాము, టీ.సీ. ఇయ్యండి" అనెను. ఆయన మాటలో కోపము లేదు, దిగులున్నది. ప్రతి ఉదయము ఎలక్ట్రానిక్ సిటీకి పోవు బస్సులను చూచుచున్న ఊరిలో ఆ దిగులు సహజమే. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఏబది దాటిన పిదప పిల్లల సరసన కూర్చుండి ఈ విద్యను కొంత నేర్చుకొన్నవాడనే గాని, పారంగతుడను కాను. "దసరా సెలవుల వరకు ఆగండి" అని వేడుకొని, ఆ దరఖాస్తును నా మేజా సొరుగులో ఉంచితిని.

ఆ బాలిక నాయనమ్మకు తెలుగు చదువుట వచ్చును, కన్నడము చదువుట రాదు. మాటలాడుటలో ఆమెకు ఏ కొరతయు లేదు. సంతలో కన్నడము, ఇంట తెలుగు, హోసూరు చుట్టముల వద్ద అరవము. కాని బస్సు వచ్చి ఆగినపుడు దానిపై కన్నడములో వ్రాసిన ఊరి పేరును చదువలేక పక్కవారిని అడుగవలసి వచ్చుచున్నది. ఇది మన ఆనేకల్ ఇండ్లలో అనేకులకు అనుభవమే. తెలుగక్షరమును నొక్కినచో దాని పక్కనున్న కన్నడ అక్షరము పసుపువన్నెతో వెలుగవలె, కన్నడ అక్షరమును నొక్కినచో తెలుగక్షరము వెలుగవలె, అట్టి పుట యొకటి నాయనమ్మకు కావలెనని ఆ పిల్ల తలచెను. మరి నలుగురు పిల్లలు జతకూడిరి.

తెలుగు కన్నడ లిపులు ఒకే పూర్వలిపినుండి క్రమముగా విడివడి, అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట నిలుకడగా వేరైనవి. గకారము, రకారము, నకారము నేటికిని కవలలవలె ఉండును. కకారము, తకారము, శకారము మాత్రము పోలిక తప్పినవి. పెద్దవారిని తికమకపెట్టునవి ఇట్టివే.

ఇక పుట కట్టుబడి సంగతి. వెబ్ పుట మనకు కాగితమువలె కనబడును గాని, లోపల అది ఒక వంశవృక్షము. మొత్తము పుట కుటుంబమునకు పెద్ద. దాని క్రింద ఒక పట్టిక, పట్టికకు బిడ్డలుగా వరుసలు, ఒక్కొక్క వరుసకు బిడ్డలుగా రెండు మీటలు. మొదటి మీటపై తెలుగక్షరము, రెండవ మీటపై కన్నడ అక్షరము. ఒకే వరుస కడుపున పుట్టిన ఈ రెండింటిని ఆంగ్లమున 'సిబ్లింగులు' అందురు, అనగా తోబుట్టువులు. ఆ మాటలో పెద్దయు చిన్నయు తెలియదు. అందుచేత ఆంగ్లమున 'నెక్స్ట్' అనియు 'ప్రీవియస్' అనియు ముందొక మాట తగిలింపవలసి వచ్చెను. నేను నల్లబల్లపై 'నెక్స్ట్ ఎలిమెంట్ సిబ్లింగ్' అని వ్రాసి వివరింపబోవుచుండగా, వెనుక బల్లనుండి ఒక బాలుడు "తమ్ముడు అంటే సరిపోయె కదా సార్!" అనెను. సరిపోయినది. 'ప్రీవియస్ ఎలిమెంట్ సిబ్లింగ్' అనగా అన్న. మీట యనగా ఆడపిల్లయా మగపిల్లవాడా యని కొంత చర్చ జరిగెను గాని, దానిని నేను గంట కొట్టించి ఆపితిని.

నొక్కినపుడు జరుగవలసిన పని మూడు మాటలలో ఉన్నది. మొదటిది, నొక్కుడును కనిపెట్టి యుండు కావలి. రెండవది, నొక్కబడిన అక్షరమునుండి దాని పొరుగును వెదకి పట్టుకొనుట. మూడవది, ఆ పొరుగునకు రంగు వేయుట. కావలిని ప్రతి అక్షరమునకు ఒక్కొక్కటిగా నిలుపనక్కరలేదు. లోపలి మీటను నొక్కిన కబురు వరుసకును, వరుసనుండి పట్టికకును పైకి ప్రాకిపోవును. కావున పట్టిక గుమ్మమున ఒక్క కావలి చాలును. ఇక రంగును స్క్రిప్టు నేరుగా పూయగలదు గాని, అది మంచి పద్ధతి కాదు. పొరుగు మీటకు ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు ఉన్నవారికి ఏ వేషమో వేరొకచోట వ్రాసి ఉంచవలెను. ఆ గుర్తును 'క్లాసు' అందురు. బడిలో ఈ మాట చిక్కు తెచ్చెను. 'క్లాసు తీసివేయుము' అని చెప్పినపుడు ఒక పిల్లవాడు పుస్తకములు సర్దుకొనెను. నేను దానిని నుదుటి బొట్టుతో పోల్చి చెప్పితిని. బొట్టు పెట్టుట, తుడుచుట స్క్రిప్టు పని. బొట్టున్నవారికి పసుపుచీర కట్టుట సి.ఎస్.ఎస్. పని. రేపు పసుపునకు మారుగా ఆకుపచ్చ కావలెనన్న ఒక్క పంక్తి మార్చిన చాలును.

ఇంతవరకు చెప్పుట సుళువు. చేయుటలో మేము రెండు దినములు తడబడితిమి. మొదటి తడబాటు నాదే కనుక దానిని దాచను. నేను పాతపుస్తకము చూచి 'నెక్స్ట్ సిబ్లింగ్' అని వ్రాయించితిని. నడుమనున్న 'ఎలిమెంట్' అను మాటను విడిచితిని. అక్షరమును నొక్కిన ఏమియు వెలుగలేదు, పైపెచ్చు తప్పని సూచన వచ్చెను. పిల్లల వ్రాతలో ఎచ్చటను దోషము కనబడలేదు. సాయంకాలము గంట కొట్టి అందరును వెడలిన తరువాత కూడ ఆ ఐదుగురు నాతో ఉండిపోయిరి. చివరకు ఆ బాలికయే కనిపెట్టెను. చదువుటకు ఇంపుగా ఉండునని మేము మొదటి మీటను ఒక పంక్తిలోను, రెండవ మీటను తరువాతి పంక్తిలోను వ్రాసియుంటిమి. ఆ రెంటి నడుమ ఉన్న ఖాళీ కూడ బ్రౌజరు లెక్కలో ఒక బిడ్డయే! కంటికి కనబడని ఆ ఖాళీయే మా 'పొరుగు' అయి కూర్చున్నది. ఖాళీకి బొట్టు పెట్టబోయితిమి, నుదురు ఎక్కడిది? వెబ్ పుటల వంశవృక్షమునకు 1998లో చేసిన మొదటి కట్టుబాటులో ఖాళీలను దాటు మాట లేదు. 2008 డిసెంబరులో ఆ కొరతను తీర్చిరి. నా పుస్తకము అంతకు మునుపటిది. 'ఎలిమెంట్' అను మాట చేర్చగానే పక్క అక్షరము పసుపువన్నె కట్టెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. నాకు మాత్రము, రెండు దినములు తప్పు మీదని వారిని గద్దించినందుకు సిగ్గు కలిగెను.

రెండవ తడబాటు పిల్లలది. క నొక్కిరి, కన్నడ కకారము వెలిగెను. త నొక్కిరి, కన్నడ తకారము వెలిగెను గాని కకారము ఆరలేదు. నాలుగు నొక్కులకు పుటయంతయు దీపావళి. క్రొత్త బొట్టు పెట్టుటకు ముందు పాత బొట్టు తుడువవలెనని వారికి తోచెను. అందుకు 'తోబుట్టువులందరి బొట్టు తుడువుము' అని వ్రాసిరి. జాన్ రెసిగ్ 2006లో వెలువరించిన జెక్వెరీ అను సాధనములో ఇందుకు ఒకే మాట కలదు, 'సిబ్లింగ్స్' అని. పై తరగతుల పుస్తకములలో వారు దానిని చూచియుండిరి. అయినను పై వరుస దీపము ఆరలేదు. ఎందుచేత? క ఒక వరుస బిడ్డ, త మరియొక వరుస బిడ్డ. అవి తోబుట్టువులు కావు, పెదనాన్న పినతండ్రి బిడ్డలు. మన ఇండ్లలో పెదనాన్న కొడుకును కూడ 'అన్న' అనియే పిలుతుము. పిల్లలు మన వాడుకను నమ్మి మోసపోయిరి. యంత్రము ఆ బంధుత్వమును ఒప్పుకొనదు. పట్టిక మొత్తములో బొట్టున్నదానిని వెదకి తుడిపించిన గాని పని జరుగలేదు. మొదట తమ్ముడన్న మాట సాయపడినది, ఇచ్చట అన్న అన్న మాట చిక్కుపెట్టినది. రెండును చెప్పుట న్యాయము.

"ఇంత స్క్రిప్టు ఎందుకు, సి.ఎస్.ఎస్. ఒక్కటే చాలదా?" అని మా విజ్ఞాన శాస్త్రోపాధ్యాయులు అడిగిరి. మంచి ప్రశ్నయే. సి.ఎస్.ఎస్.లో కూడ పొరుగును చూపు గుర్తులు కలవు. కూడిక గుర్తు వెనువెంటనే ఉన్న తమ్ముని ఒక్కనిని చూపును. అది 1998 మే నాటి రెండవ ప్రమాణములోనే వచ్చెను. అలవంటి మరియొక గుర్తు తరువాతి తమ్ములనందరిని చూపును. అయితే ఈ రెండును ముందుకే చూచును గాని వెనుకకు తిరిగి అన్నను చూడలేవు. 'ఇట్టి తమ్ముడు గల అన్న' అని అడుగుటకు వీలైన 'హాజ్' అను క్రొత్త మాట పెద్ద బ్రౌజరులన్నిటను చేరుసరికి 2023 డిసెంబరు అయ్యెను. మన గదిలోని యంత్రములు అంత క్రొత్తవి కావు. మనకు కన్నడమునుండి తెలుగునకు, అనగా వెనుకకు, పోవు త్రోవయే ముఖ్యము. నాయనమ్మ బస్సుపై చూచునది కన్నడమునే కదా! అందుచేత స్క్రిప్టు అవసరమాయెను. బ్రెండన్ ఐక్ 1995లో కొద్ది దినములలోనే రూపు కట్టిన జావాస్క్రిప్టు భాష ఇట్టి చిన్న పనులకే పుట్టినది.

పుట సిద్ధమైనదని మేమనుకొన్న దినమున ఒక ఆటంకము వచ్చెను. అప్పటికి తెలుగు మీటకు ఎరుపును, కన్నడ మీటకు ఆకుపచ్చను వాడియుంటిమి. ఎనిమిదవ తరగతి బాలుడొకడు చూచి, "రెండూ ఒకటే రంగు కదా సార్" అనెను. మొదట పరిహాసమనుకొంటిమి. వానికి ఆ రెండు రంగుల భేదము తెలియదని అప్పుడు బయటపడెను. ఇన్నేండ్లు మాకెవ్వరికిని తెలియదు, ఇంటివారికిని తెలియదు. రంగు మార్చి పసుపు చేసితిమి. అది చాలదని, వెలిగిన అక్షరము చుట్టు మందమైన గీతను కూడ చేర్చితిమి. మీటలను కూడ నిజమైన మీటలుగానే ఉంచితిమి. వట్టి గడిని నొక్కునట్లు చేసిన, మౌసు పట్టలేక కీబోర్డుపైననే ఆధారపడువారికి అది అందదు. ఈ సంగతి ఏ పాఠములోను మేము చెప్పలేదు, ఆ బాలుని వలన నేర్చితిమి. తలిదండ్రులు తమ పిల్లల చూపును ఒకమారు పరీక్ష చేయించుడని ఈ సందర్భమున మనవి.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు వత్తును. కంప్యూటరు ఇంగ్లీషువారిదా? దాచక చెప్పవలెనన్న, ఆజ్ఞల మాటలు ఆంగ్లములోనే ఉన్నవి. 'ఇఫ్', 'ఫంక్షన్', 'రిటర్న్' వంటివి జావాస్క్రిప్టులో కొన్ని డజనులు కలవు. వాటిని నేర్వక తప్పదు. తెలుగు మాధ్యమ బాలునకు అవి మొదట కరకరలాడును, నేను కాదనను. పెద్ద వివరణ గ్రంథములును ఆంగ్లమునే ఉన్నవి. మన పిల్లలకు ఆంగ్లము బాగుగా నేర్పవలసిన బాధ్యత మాపై ఇంకను ఉన్నది, ఆ పనిలో మేము వెనుకబడియున్నామనియు ఒప్పుకొందును. అయితే ఆజ్ఞలు మినహా మిగిలిన పేర్లన్నియు వ్రాయువాని ఇష్టము. జావాస్క్రిప్టు ఆ పేర్లను తెలుగు లిపిలోనే అంగీకరించును. పుటను యూనికోడ్ పద్ధతిలో భద్రపరచిన చాలును. సి.ఎస్.ఎస్. కూడ తెలుగు గుర్తును ఒప్పుకొనును. మన పిల్లలు పొరుగు మీటకు 'తమ్ముడు' అని పేరుపెట్టిరి, బొట్టునకు 'వెలుగు' అని పెట్టిరి. 'తమ్ముడు' ఉన్నచో వానికి 'వెలుగు' చేర్చుము, లేనిచో 'అన్న'కు చేర్చుము: ఇది వారి స్క్రిప్టులోని ప్రధాన వాక్యము. ఉద్యోగమునకు వెళ్లినచోట అందరికి తెలియు ఆంగ్లపు పేర్లనే పెట్టుమందురు, అదియు సబబే. కాని ఆలోచన కుదురుకొను వయస్సులో పేరు ఇంటి మాటయైన, తప్పు ఎక్కడనో పిల్లవానికి త్వరగా కనబడుట నేను కంటితో చూచితిని.

వారు తమకు తామే కనుగొన్న వింత యొకటి చెప్పక విడువలేను. ప్రపంచములోని లిపులకు యూనికోడ్ ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్య కేటాయించినది. అందు అరవము, తెలుగు, కన్నడము, మలయాళము వరుసగా పక్కపక్కనే ఉన్నవి. తెలుగునకు 3072 మొదలు 3199 వరకు, కన్నడమునకు 3200 మొదలు 3327 వరకు. ఒక్కొక్క దానికి 128 గదులు. భారతీయ భాషలకు మన దేశమున అంతకు ముందు చేసిన ఇస్కీ అను ప్రమాణపు వరుసనే అనుసరించుటచేత, గదిలోపలి అమరిక కూడ ఒకటే. తెలుగు క 3093. దానికి 128 కలిపిన 3221, అది కన్నడ కకారము. ఏ అక్షరమునకైనను అంతే. ఈ సంగతి తెలిసినపుడు పిల్లలు తాము అంతవరకు ఒక్కొక్కటిగా కొట్టిన కన్నడ అక్షరములను తీసివేసి, ఆ కూడికను స్క్రిప్టు చేతనే చేయించిరి. నాకు మొదట నమ్మకము కలుగక, కాగితముపై ఇరువది అక్షరములకు లెక్కవేసి చూచితిని.

లెక్క తప్పిన చోటు కూడ ఒకటి దొరికెను. చాప, చుక్క మొదలగు మాటలలో పలుకు దంత్య చకారమునకు 2008లో యూనికోడ్ తెలుగున ఒక స్థానమిచ్చెను, 3160. దానికి 128 కలిపిన 3288 వచ్చును. కన్నడమున ఆ గది ఖాళీ. నొక్కిన, పక్కన వట్టి చతురస్రము వెలుగుచున్నది. ఆ వరుసను తీసివేయవలెనని ముగ్గురు, ఉంచి 'కన్నడమున లేదు' అని వ్రాయవలెనని ఇద్దరు. ఇంకను తెగలేదు.

దసరా సెలవులకు ముందటి శనివారమున ఆ తండ్రి తన తల్లిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆమెకు కళ్లజోడు పెట్టించి యంత్రము ముందు కూర్చుండబెట్టితిమి. మనుమరాలు పక్కన నిలిచి ఏమియు చెప్పక చూచుచుండెను. ఆమె త నొక్కెను. పక్కన పసుపువన్నెలో కన్నడ తకారము నిలిచెను. "ఇదా త! ఇన్నాళ్లూ ఇది మనకు తెలియని అక్షరమేదో అనుకుంటి కదే" అని నవ్వెను. పిదప గ నొక్కి, "ఇది మన ఇంటిదే" అనెను. అట్లు గంటసేపు నొక్కుచునే ఉండెను. తండ్రి గోడకు ఆనుకొని నిలిచి, చివరకు నాతో, "ఊరి పేర్లు కూడా పెడితే అమ్మ ఒంటిగా బస్సు ఎక్కుతుంది సార్" అని మాత్రము అనెను. టీ.సీ. మాట ఆయన ఎత్తలేదు, నేనును ఎత్తలేదు. ఆ దరఖాస్తు ఇంకను సొరుగులోనే ఉన్నది.

ఇప్పుడు పిల్లలు ఊరి పేర్లు చేర్చుచున్నారు. ఆనేకల్, అత్తిబెలె, చందాపుర, జిగణి, సర్జాపుర అయినవి. అత్తిబెలెలోని తకారపు వత్తు వద్ద చిక్కువచ్చునని నేను భయపడితిని గాని, పొల్లునకును గుణింతపు గుర్తులకును కూడ 128 కూడికయే సరిపోవుచున్నది. మాటంతయు ఒక్క నొక్కుతో మారుచున్నది. బస్సు బోర్డులపై ఏ పేర్లు ఎట్లు వ్రాయుదురో మీలో దినమును ప్రయాణము చేయువారికే బాగుగా తెలియును. శనివారము మధ్యాహ్నము రెండు గంటలనుండి కంప్యూటరు గది తెరచియుండును. పేర్లు ఒక చీటీపై వ్రాసి తెండు. ఇంటి పెద్దవారిని, వారి కళ్లజోడును మరువక వెంటబెట్టుకొని రండు.